అతుకుల బొంత... అందరి సంతకం

మధురానగర్‌లో ఒక మేడగది. నలభై ఒక్క ఇళ్లు ఇచ్చిన పాతబట్టలు. ఇరవై ఆరుగురి చేతికుట్టు. గోడకెక్కిన ఆ బొంతను చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది, దాన్ని కుట్టినవాళ్లే!

“ఏంది బిడ్డా, కప్పుకునే బొంతను గోడకు కట్టిన్రు?”

గడప అవతలే ఆగిపోయి ఆ పెద్దమ్మ అడిగిన మొదటి మాట అది. చెప్పులు కింది మెట్టు మీదే విడిచింది. చేతిలో కూరగాయల సంచి. లోపలికి రమ్మంటే, “నేనెందుకు తియ్యి, సార్లు మేడాలు వస్తరు గద” అంది. “నీ చీర ఉంది పెద్దమ్మా ఇందులో, చూడవా?” అన్నాకే కాలు లోపల పెట్టింది.

పైనుంచి మూడో వరస, ఎడమనుంచి రెండో ముక్క. ముదురాకుపచ్చ మీద సన్నటి పసుపు చుక్కలు. ఆమె వేలు ఆ ముక్కను వెతుక్కుంటూ వెళ్లి అంచు దగ్గర ఆగింది. “నా పెద్దబిడ్డ పుట్టినప్పటి చీర ఇది. ఉయ్యాల గూడ దీంతోనే కట్టిన” అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సంచి పక్కన పెట్టి, గోడకెదురుగా చాప మీద కూర్చుండిపోయింది.

ఆ ఆదివారం మధురానగర్‌లోని మా మేడగదిని ఊరందరికీ తెరిచాం. చిత్రకళా ప్రదర్శన అనగానే చల్లటి హాలు, తెల్లటి గోడలు, గుసగుసగా మాట్లాడే మనుషులు గుర్తొస్తారు. మాది అలాంటిది కాదు. బొమ్మ ఎక్కడ తయారైందో అక్కడే చూపించడం, రంగు డబ్బాలూ కత్తెరలూ దారపు ఉండలూ ఎక్కడివక్కడే ఉండగా జనాన్ని లోపలికి పిలవడం మా పద్ధతి. దీన్ని ఓపెన్ స్టూడియో అంటారు. మా గదిలో చూపించింది ఒక్కటే వస్తువు: తొమ్మిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న బొంత.

మెచ్చుకోలు కాని మాట

మన భాషలో ‘అతుకుల బొంత’ అంటే పొగడ్త కాదు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత అంటాం. కథ కుదరని సినిమానూ అదే మాటతో తీసిపారేస్తాం. పొందిక లేనిది, ఎక్కువ రోజులు నిలవనిది అని అర్థం.

బొంత కుట్టిన చేతిని అడిగితే ఈ అర్థం ఒప్పుకోదు. రెండు ముక్కలు కలిసేచోట గుడ్డ మడత పడి రెట్టింపవుతుంది. దాని మీద కుట్టు పడుతుంది. మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దానిలో చిరుగులన్నీ ముక్కల నడుమే ఉన్నాయి, అతుకులు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ముందుగా పీలికలయ్యేది విడి గుడ్డే. పట్టి ఉంచేది అతుకే.

మధురానగర్ కూడా అలాంటిదే. మెట్రో నీలి మార్గంలో అమీర్‌పేట దాటాక, యూసుఫ్‌గూడకు ముందు వచ్చే స్టేషన్ మాది. ఒక పక్క అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఇంకో పక్క కృష్ణానగర్ గల్లీలు. సినిమా అవకాశాల కోసం ఊళ్లు వదిలి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్‌మెన్లు, కాస్ట్యూమ్ దర్జీలు అద్దెకుండేది అక్కడే. కాస్త పైకెక్కితే జూబ్లీహిల్స్, దాని వెనక ఫిల్మ్‌నగర్. దగ్గర్లోనే సారథి స్టూడియో. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా పేరున్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడ తయారైంది. పాలమూరు యాస, విజయనగరం యాస, దక్కనీ ఉర్దూ, లంబాడీల గోర్‌బోలీ ఒకే కిరాణా కొట్టు ముందు వినిపించే చోటు ఇది. ఇన్ని ఊళ్ల మనుషులు పక్కపక్కనే ఉంటారు, ఒకరి గడప ఒకరు తొక్కకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

పక్కవీధిలో బొమ్మలు వేసే స్నేహితురాలు, మా కింది వాటాలో టైలరింగ్ షాపు నడిపే అక్క, నేను ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకున్నది ఈ సంగతే. బొంత ఆలోచన టైలర్ అక్కది. “మనుషుల్ని పిలిస్తే రారు. పాతబట్ట అడగండి, ఇస్తారు. బట్ట వచ్చాక మనిషి తనే వస్తుంది” అంది. అదే జరిగింది.

జేబుతో సహా ఇచ్చిన చొక్కా

మూడే షరతులు పెట్టుకున్నాం. వాడిన బట్టే కావాలి. అడుగు చదరానికి తగ్గకూడదు. ఇచ్చేటప్పుడు ఆ బట్ట గురించి ఒక్క మాట చెప్పాలి. ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకునేవాళ్లం.

డెబ్భై రెండు ముక్కలు వచ్చాయి. చంటిపిల్ల పొత్తిగుడ్డ, వాచ్‌మన్ గళ్ల తువ్వాలు, హాస్టల్ అమ్మాయి చున్నీ, బడి మానేసిన కుర్రాడి తెల్ల యూనిఫాం. ఒక జూనియర్ ఆర్టిస్టు మెరిసే నీలిరంగు గుడ్డ తెచ్చింది. ఏదో పాటలో వెనక వరసలో నిలబడి వేసుకున్న లంగాలోంచి మిగిలిన పీలిక అది. “సినిమాలో నా ముఖం కనపళ్లేదండీ, ఈ రంగు మాత్రం కనపడింది” అని రాయించింది.

ఆటో నడిపే భర్తను పోగొట్టుకున్న ఒకావిడ ఖాకీ చొక్కా ఇచ్చింది. వీపు భాగం కత్తిరిస్తే సరిపోయేది. ఆమె మాత్రం జేబున్న వైపే తీసుకోమంది. ఆ జేబు అడుగున పెన్ను సిరా కారిన మరక ఉంది. జేబు అంచు మాటిమాటికీ చిల్లర తీసిన వేళ్లకు నలిగి నూలు తేలింది. ఇంకో మూల గుండీ తెగిపోతే నల్లదారంతో కుట్టిన గుర్తు. ఖాకీ మీద నల్లదారం నప్పదని తెలిసీ, పొద్దున్నే పనికి పోయే తొందరలో దొరికిన దారంతో కుట్టినట్టుంది. ఆ జేబును అలాగే, నోరు తెరిచే ఉంచి కుట్టాం. ప్రదర్శన రోజు ఎవరో అందులో ఒక రూపాయి బిళ్ల వేసి వెళ్లారు. మేం తియ్యలేదు.

గోరంత కుట్టు

బొంత కుట్టడానికి బల్ల పనికిరాదు, నేల కావాలి. చాప పరిచి, దాని మీద అడుగు చీర పరిచాం. మీద మూడు పొరలు మెత్తబడిన నూలుచీరలు. ఉతికి ఉతికి గంజి పోయినవైతేనే సూది దిగుతుంది. అన్నిటికన్నా పైన ముక్కలు. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ముడతలు లాగేశాం. పొరలు జరగకుండా ముందు పొడుగాటి టాకాలు వేశాం. తర్వాత అంచునుంచి మొదలుపెట్టి లోపలికి, చుట్టూ కూర్చుని కుట్టుకుంటూ వచ్చాం.

ఒకరి కుట్టు ఒకరిలా ఉండదు. టైలర్ అక్కది గీత గీసినట్టు ఉంటుంది. పెద్దమ్మది గోరంత పొడవు, గోరంత ఎడం. ఎప్పుడూ సూది పట్టని హాస్టల్ పిల్లది చీమల బారులా వంకర్లు పోయింది. ఆ పిల్ల విప్పేస్తానంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. “ఉండనియ్యి. నువ్వు కుట్టినవని తెలవాలె గద” అంది. అప్పటినుంచి ఎవరి కుట్టునూ విప్పకూడదని నియమం పెట్టుకున్నాం. ఇప్పుడు బొంతకు రెండడుగుల దూరంలో నిలబడితే రంగులు కనిపిస్తాయి. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్తే మనుషులు కనిపిస్తారు.

ఒక తప్పు నావల్ల జరిగింది. కొత్తగా వచ్చిన ఎర్రచీర ముక్కను తడిపి చూడకుండానే కుట్టించాను. చివర్లో మొత్తం తడి గుడ్డతో తుడిస్తే ఎర్రరంగు దిగి పక్కనున్న తెల్ల యూనిఫాం అంచుకు పాకింది. ఆ కుర్రాడి తల్లికి ఎలా చెప్పాలో తెలియక రెండ్రోజులు బాధపడ్డాను. ఆవిడ వచ్చి చూసి, “హోలీ ఆడి వచ్చాడనుకుందాం లెండి” అంది. మరక అలాగే ఉంది. అప్పటినుంచి ప్రతి ముక్కనూ ముందు తడిపి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూస్తున్నాను.

గుడ్డ మీద జాతి కథ

ఒక సమూహం తన కథను గుడ్డ మీద చూసుకోవడం మనకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు తరతరాలుగా చేసింది అదే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూస్తారు. ఆరాక దానిమీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు వేస్తారు. ఆ పటం గజాల పొడవుంటుంది. ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగల వాళ్లకు ఒక పటం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లకు ఒకటి, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లకు ఒకటి. ఎవరి మూలకథ వాళ్లది. రాత్రిపూట ఊరి నడుమ పటం కట్టి, పాట సాగేకొద్దీ ఒక్కో బొమ్మా విప్పుతూ పోయేవారు. చూసేవాళ్లు తమను తామే చూసుకునేవాళ్లు. బొమ్మ వేసినవాడు, కథ చెప్పేవాడు, కథకు చెందినవాడు ముగ్గురూ ఒకరికొకరు తెలుసు. ఆ ఆదివారం మా మేడగదిలో మేం కోరుకున్నదీ ఆ పరిచయమే.

మనం నడిచే నేలకూ ఒక బట్ట కథ ఉంది. మాకు కూతవేటులో ఉన్న బంజారాహిల్స్‌కు ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో ఆ కొండ మీద ఇల్లున్న ఎంతమందికి గుర్తుంది? ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగిన బంజారాలు, అంటే మన లంబాడీలు, ఒకప్పుడు ఆ గుట్టల్లో బసచేశారు. 1930 ప్రాంతంలో నవాబు మెహదీ నవాజ్ జంగ్ అక్కడ రాళ్లను కలుపుకుని ఇల్లు కట్టుకున్నప్పటినుంచి అది ధనవంతుల కొండ అయింది. పేరు మిగిలింది, మనుషులు తండాలకు పోయారు.

వాళ్ల ఆడవాళ్ల బట్టలు చూడండి. ఫేటియా అనే పావడా, కాంచళీ అనే రవిక, టుక్రీ అనే మేలిముసుగు. అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుగుడ్డ ముక్కలు కలిపి కుట్టినవి. వాళ్లవీ అతుకులే. 2023 జులైలో హంపీలో జీ20 సాంస్కృతిక బృందం సమావేశాలప్పుడు, కర్ణాటకలోని సండూర్‌కు చెందిన కుశల కళా కేంద్రంతో కలిసి 450 మందికి పైగా లంబాడీ మహిళలు 1,755 కుట్టుపని ముక్కలను ఒకేచోట చేర్చి గిన్నిస్ రికార్డు సాధించారు. మా బొంతలో కూడా ఒక లంబాడీ చెల్లెలి ముక్క ఉంది. యూసుఫ్‌గూడలో ఇళ్ల నిర్మాణంలో ఇటుకలు మోస్తుంది. వాళ్ల నానమ్మ కాంచళీలోంచి తీసిన పట్టీ తెచ్చింది. దానిలో ఒక అద్దం పగిలి ఉంది. “పగిలినా అందులో ముఖం కనపడతది అక్కా” అని చూపించింది.

ఊరి పేరుంది, మనిషి పేరేది?

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, ధర్మవరం. బీరువా తెరిస్తే మన చీరలన్నీ ఊళ్ల పేర్లే చెబుతాయి. ఒక్క చీరయినా నేసిన మనిషి పేరు చెబుతుందా? 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది ఊరికి గౌరవం, అవసరం కూడా. కానీ కొన్న చీర పెట్టె మీద నేతగాడి పేరు ఇప్పటికీ అరుదే.

మనిషి పేరు నిలిచిన చోట్లు కొన్ని ఉన్నాయి. పోచంపల్లి చీరకు రంగులద్దేముందు ఆసు పోయాలి. మేకుల మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి కదలాలి. ఆ పనితో భుజం పట్టేసిన తల్లిని చూడలేక చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టారు. దానికి తల్లి పేరే పెట్టి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేనేతలో కనిపించకుండా పోయే కోట్లాది కదలికల్లో కొన్నిటికి ఒక అమ్మ పేరు అలా మిగిలింది. శ్రీకాళహస్తి కలంకారీ కనుమరుగవుతున్న కాలంలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. తేలియా రుమాలుకు పేరున్న పుట్టపాక నుంచి గజం గోవర్ధన్‌కు 2011లో అదే గౌరవం దక్కింది. ఈ పేర్లు మనకు తెలిశాయంటే, వాళ్ల పని వెనక మనిషిని ఎవరో చూశారు కాబట్టే.

సినిమాల దగ్గరికి వద్దాం. తెర మీద ధగధగలాడే రవిక వెనక మగ్గం వర్క్ ఉంటుంది. హైదరాబాద్ షాపుల్లో మగ్గం అంటే నేతమగ్గం కాదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను డప్పులా బిగించి, నేల మీద కూర్చుని పూసలు, చమ్కీలు, జరీ కుట్టే పని. పైచేతిలో కొక్కెం ఉన్న సన్నటి ఆరీ సూది. గుడ్డ కింద రెండో చెయ్యి దారం అందిస్తుంది. సూది దిగి దారాన్ని పట్టుకుని పైకి లాగుతుంది. మళ్లీ దిగుతుంది. గొలుసుకు గొలుసు అల్లుకుంటూ పోతుంది. కింది చెయ్యి ఏం చేస్తోందో చూసేవాడికి తెలియదు. పని సగం ఆ కనపడని చేతిదే.

మన చిత్రసీమలో ఒకరికి కుట్టుపనే ఇంటిపేరైంది. కాస్ట్యూమర్‌గా ఎదిగి, ‘భారత్ బంద్’తో నటుడై, ‘పెళ్లిపందిరి’ నిర్మించిన కాస్ట్యూమ్స్ కృష్ణ 2023లో కన్నుమూసేదాకా ప్రేక్షకులకు ఆ పేరుతోనే తెలుసు. ఆయన అదృష్టం ఈ గల్లీల్లో వందలమందికి దక్కలేదు. ‘గాంధీ’ సినిమాకు దుస్తులు రూపొందించిన భాను అథైయా 1983లో ఆస్కార్ అందుకున్న తొలి భారతీయురాలు. ఆ బట్టలు కుట్టిన చేతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

తలుపు తెరిస్తే ఏమవుతుంది?

కళాకారుడి పనిచోటుకు జనం రావడమన్నది తమిళనాడులో ఒక ఊరునే నిలబెట్టింది. 1966లో కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు, సహచరులు చెన్నై శివారు సముద్రతీరాన చోళమండల్ కళాగ్రామం మొదలుపెట్టారు. బొమ్మలు అమ్మి బతకడం కష్టమని వాళ్లకు తెలుసు. అందుకే బాతిక్ గుడ్డలు, చేతివస్తువులు చేసి అమ్మి ఆ డబ్బుతో సొంతకాళ్ల మీద నిలబడ్డారు. అక్కడ ఇల్లు, పనిచోటు, ప్రదర్శన ఒకటే. ఆ కళాగ్రామాన్ని కాపాడినవాటిలో గుడ్డ కూడా ఉందన్నమాట. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1975 నుంచి ఏటా కళాకారులు తమ స్టూడియోల తలుపులు తెరిచి ఊరివాళ్లను ఆహ్వానిస్తున్నారు.

బొంతల సంగతికొస్తే అమెరికాలో రెండు ఉదాహరణలు చాలు. అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే చిన్న పల్లెలో నల్లజాతి మహిళలు చలికి కప్పుకోవడానికి పాత పనిబట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియం, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడల మీద పెట్టారు. 2006లో తపాలా బిళ్లల మీద ముద్రించారు. రెండోది ఇంకా బరువైనది. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్ పచ్చికబయలు మీద ఎయిడ్స్‌తో చనిపోయినవారి స్మృతిలో 1,920 గుడ్డ ఫలకాలు పరిచారు. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఒక మనిషిని పడుకోబెట్టేంత. మరణానికి కారణం పైకి చెప్పుకోవడానికే జంకిన రోజుల్లో ఆత్మీయులు వాళ్ల పేర్లను గుడ్డ మీద కుట్టి దేశం ముందు పరిచారు.

మనకు దగ్గరలో, కర్ణాటకలోని సిద్ది మహిళలు కవంది అనే బొంతలు కుడతారు. నాలుగు మూలలా ముక్కల్ని మడతలు పెట్టి ‘పూలు’ కుడితే గానీ బొంత పూర్తయినట్టు కాదు. ఈ సంగతి చెప్పగానే టైలర్ అక్క మా బొంతకూ నాలుగు మూలలా నాలుగు పూలు కుట్టింది.

మన నగరంలో బొమ్మలు చూడ్డానికి చోట్లు లేవని కాదు. మాదాపూర్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ ఉంది. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి ఉన్నాయి. 2010 నుంచి లామకాన్ అనే సాంస్కృతిక వేదిక అందరికీ తెరిచే ఉంది. వాటి పని వాటిది, ఎంతో విలువైనది కూడా. కానీ కృష్ణానగర్ దర్జీ ఆ గడపలు తొక్కాలంటే ముందు తన పక్కింటి గడప తొక్కగలగాలి. ఆ మొదటి మెట్టు ఏ గ్యాలరీ అయినా ఎలా వేయగలదు? ఇళ్లున్నవాళ్లం మనమే వెయ్యాలి.

ఆ ఆదివారం

ఉదయం పదికి తలుపు తీశాం. మొదటి గంటలో వచ్చింది ఏడుగురే. మధ్యాహ్నానికి మెట్ల మీద వరస కట్టారు. ముక్క ఇచ్చినవాళ్లందరూ ముందు తమ ముక్కను వెతికారు. తర్వాత పక్కముక్క ఎవరిదని అడిగారు. “ఈ గళ్ల తువ్వాలు ఎవరిదండీ?” “మన మూడో లైను అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ది.” “ఆయనా! రోజూ చూస్తాను, పేరు తెలీదు.” ఇలాంటి మాటలు ఆ గదిలో రోజంతా వినిపించాయి.

పక్కన చిన్న గదిలో మగ్గం పెట్టించాం. పాతబస్తీ నుంచి రోజూ వచ్చి కృష్ణానగర్‌లో పనిచేసే ఒక భాయ్‌ని అక్కడ కూర్చుని కుట్టమని అడిగాం. ఆ రోజు కూలి ముందే ఇచ్చాం. పిల్లలు ఆయన చుట్టూ చేరిపోయారు. ఒక పాప మగ్గం కిందికి దూరి ఆయన ఎడమచేతిని చూసి, “కింద కూడా ఒక చెయ్యి పనిచేస్తోంది!” అని అరిచింది. పెద్దవాళ్లు కూడా వంగి చూశారు. సాయంత్రం టీ తాగుతూ ఆయన అన్నమాట నేను మర్చిపోలేను. “ఇరవై రెండేళ్ల నుంచి పెద్ద పెద్ద హీరోయిన్ల బ్లౌజులు కుట్టిన మేడం. నేను కుడుతుంటే జనం నిలబడి చూసింది ఇయ్యాలే.”

ఒకాయన బొంత ధర అడిగారు. మంచి మొత్తమే చెప్పారు. ఆ డబ్బు మాకు అక్కరకొచ్చేదే. అయినా ఇది నా ఒక్కదానిది కాదు, కుట్టిన ఇరవై ఆరుగురినీ అడిగాను. చాలామంది మౌనంగా ఉన్నారు. ఖాకీ చొక్కా ఇచ్చినావిడ మాత్రం, “అమ్మితే నేను మళ్లీ ఎక్కడ చూడాలండీ?” అంది. అమ్మలేదు. ఆయన అడిగిన కొలతతో కొత్త బొంత కుట్టి ఇస్తామన్నాం. కొత్త బట్ట, కొత్త కొలత, కుట్టినవాళ్లందరికీ సమానంగా కూలి. ఆ పని ఇప్పుడు నడుస్తోంది. ఈ బొంత మాత్రం ముక్క ఇచ్చిన ఇళ్లలో నెలకొక ఇంటి చొప్పున తిరుగుతుంది.

మీరూ తెరవాలనుకుంటే...

• పెద్ద హాలు అక్కర్లేదు. గాలి, వెలుతురు ఉన్న గది చాలు. ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు, రంగులు వెలిసిపోతాయి.

• బొంతకు మేకులు కొట్టొద్దు. వెనకవైపు పైఅంచున గుడ్డగొట్టంలా కుట్టి, అందులో వెదురు కర్ర దూర్చి తాళ్లతో వేలాడదీస్తే బరువు అంతటా సమానంగా పడుతుంది.

• ప్రతి ముక్కనూ కుట్టకముందే తడిపి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు దిగితే, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికాకే వాడండి.

• ‘ముట్టుకోవద్దు’ అని రాయకండి. బట్ట వేళ్లతో తెలిసే వస్తువు. గది గుమ్మం దగ్గర నీళ్లు, తువ్వాలు పెట్టండి, చేతులు కడుక్కుని ముట్టుకుంటారు.

• పక్కన ఇంకో గుడ్డ, సూదులు, దారం ఉంచండి. వచ్చినవాళ్లు నాలుగు కుట్లు వేసి వెళ్తే వచ్చే ఏటి బొంత అప్పుడే మొదలైనట్టు.

• పనిచేసి చూపించమని పిలిచినవాళ్లకు ఆ రోజు కూలి తప్పనిసరిగా ఇవ్వండి. టీ, భోజనం కూలి కిందికి రావు.

• అమ్మాలనుకుంటే ధర, వాటా ముందే అందరి ముందూ మాట్లాడుకోండి.

వెనకవైపు చూడండి

మా బొంతను ముందునుంచి చూసినవాళ్లందరినీ వెనక్కి తిప్పి చూడమని అడిగాం. వెనకంతా తెల్లటి అడుగు చీర. అక్కడే ఎవరి కుట్టు ఎక్కడినుంచి ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది. కింది కుడిమూలలో ఇరవై ఆరు పేర్లు ఎర్రదారంతో కుట్టి ఉన్నాయి. ఎవరి పేరు వాళ్లే కుట్టుకున్నారు. పెద్దమ్మకు చదువు రాదు. ఆమె పేరును మేం పెన్సిల్‌తో రాసిస్తే ఆ గీతల వెంట సూది నడిపింది. మూడక్షరాలకు ఒక పూట పట్టింది. ఏ చీర మీదా, ఏ బొంత మీదా ఆమె ఇన్నేళ్లలో తన పేరు కుట్టుకోలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బట్ట మీద కళ ఉందని ఒప్పుకోవడం సులువు. దాని వెనక ఫలానా మనిషి ఉందని రాసి పెట్టడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. గ్యాలరీ నడిపేవాళ్లు, బొటిక్ పెట్టినవాళ్లు, సినిమా తీసేవాళ్లు ఎన్నో పేర్లు వేస్తారు. కుట్టిన చేతులకూ అందులో ఒక వరస ఇవ్వండి. ఖర్చయ్యేది కాస్త చోటే.

మిగతావాళ్లం మన ఇంటి అటక ఎక్కుదాం. అమ్మ కుట్టిందో, అమ్మమ్మ కుట్టిందో ఒక బొంత అక్కడ మడతపెట్టి ఉంటుంది. దించండి, ఎండలో ఆరేయండి. కుట్టినవాళ్లు బతికుంటే ఇవాళే వాళ్ల చేతికి సూది ఇచ్చి, వెనక ఓ మూల పేరు కుట్టించండి. లేకపోతే వాళ్ల పేరు మీరు కుట్టండి. వచ్చే ఆదివారం దాన్ని గోడకు కట్టి, పక్కింటివాళ్లను పిలవండి.